వాగ్దాన కార్డు మీద బిల్దదు

డిసెంబరు 31 రాత్రి చాలా తెలుగు చర్చిల్లో ఆరాధన అయ్యాక ఒక పళ్లెంలో చిన్న చిన్న కార్డులు తెచ్చి పెడతారు. చూడకుండా ఒకటి తీసుకోవాలి. దాని మీద ఉన్న బైబిల్ వాక్యం ఆ మనిషికి కొత్త ఏడాది వాగ్దానం. ఇంటికెళ్లి ఫ్రిజ్ మీద అంటించుకుంటారు, పర్సులో దాచుకుంటారు, ఈమధ్య వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకుంటున్నారు. ఆ కార్డుల్లో నాకు తరచుగా కనిపించే వాక్యం యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయం ఏడో వచనం. మొదట్లో నీ స్థితి అంతంతమాత్రంగా ఉన్నా చివరికి నువ్వు బాగా వృద్ధిలోకి వస్తావు అని దాని సారాంశం. కొత్తగా తెరిచిన కొట్టు గోడ మీదా, ఆటో వెనక అద్దం మీదా కూడా చూశాను.

ఇంతకీ ఈ మాట అన్నదెవరు? దేవుడు కాదు, ప్రవక్త కాదు, యోబు కూడా కాదు. యోబు స్నేహితుడు బిల్దదు. ఎవరితో అన్నాడు? పదిమంది పిల్లల్నీ ఒకే రోజు పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషితో. దానికి మూడు వచనాల ముందు అదే బిల్దదు అదే మనిషితో ఇంకో మాట కూడా అన్నాడు: నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, దానికి తగిన ఫలితం అనుభవించారు అని. గ్రంథం చివర్లో దేవుడు ఈ స్నేహితుల మీద కోప్పడి, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు అంటాడు. కార్డు మీద వాక్యం ఉంటుంది, అధ్యాయం నంబరూ వచనం నంబరూ ఉంటాయి. మాట్లాడినవాడి పేరు మాత్రం ఉండదు.

ఒక్క కార్డు ముక్కని పట్టుకుని తప్పులెన్నడం తేలిక. నాకు ఆసక్తి ఉన్నది ఆ కార్డుకి పెద్దన్నలాంటి సాహిత్య రూపం మీద. దాన్ని అనుదిన ధ్యానం అంటారు. ఒక తేదీ, ఒక వాక్యం, దాని కింద ఒక పేజీ ఆలోచన, చివర ఒక పద్యమో ప్రార్థనో. తెలుగులో ఎన్ని వేలమంది రోజూ పొద్దున్నే చదివే గద్యం ఇది! అయినా మన సాహిత్య విమర్శ దీని వైపు చూసినట్టు నాకు కనిపించదు. భక్తి పుస్తకం కాబట్టి విమర్శ అక్కర్లేదనుకునేవాళ్లు కొందరు, భక్తి పుస్తకం కాబట్టి సాహిత్యమే కాదనుకునేవాళ్లు కొందరు. నేను క్రైస్తవ ఇంట్లో ఈ పుస్తకాల మధ్య పెరిగాను, ఇప్పటికీ చదువుతాను. అందుకే వీటిని సాహిత్యంగా చదివి చూద్దామనిపించింది. వీటికి పరీక్ష పెట్టడానికి యోబు గ్రంథం కంటే మంచి పుస్తకం లేదు. ముక్కలుగా కోస్తే అర్థం తలకిందులయ్యే పుస్తకం అది.

*

ఈ రూపానికి చాలా చరిత్ర ఉంది. 1728లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్లో, జిన్‌జెన్‌డార్ఫ్ అనే ప్రభువు ఆశ్రయం ఇచ్చిన మొరేవియన్ శరణార్థులు రోజుకో వాక్యం ఇంటింటికీ చేరవేసే అలవాటు మొదలుపెట్టారు. 1731లో ఆ వాక్యాలు ఏడాదికి సరిపడా పుస్తకంగా అచ్చయ్యాయి. అప్పట్నుంచి ఇప్పటిదాకా వస్తూనే ఉన్నాయి. ఆ వాక్యాల్ని చీట్లు తీసి ఎంచుతారు. మన డిసెంబరు 31 పళ్లెం ఆ అలవాటుకి దూరపు చుట్టమే. 1860ల్లో లండన్‌లో స్పర్జన్ ఉదయానికొకటీ సాయంత్రానికొకటీ ధ్యానం రాసి రెండు పుస్తకాలు వేశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ రూపంలో వచ్చిన రెండు పెద్ద పుస్తకాలు రెండేళ్ల తేడాతో వచ్చాయి. 1925లో ‘స్ట్రీమ్స్ ఇన్ ద డెజర్ట్’, 1927లో ‘మై అట్మోస్ట్ ఫర్ హిజ్ హైయెస్ట్’. మొదటిది తెలుగులో ‘ఎడారిలో సెలయేర్లు’గా వచ్చింది. మా బంధువుల ఇళ్లలో బైబిల్ పక్కన కచ్చితంగా ఉండే పుస్తకం ఏదైనా ఉందంటే అదే. ఒక్కో కాపీ అట్ట ఊడిపోయి, ప్లాస్టర్ వేసి, పేజీల అంచుల మీద పుట్టినరోజులూ చావు తేదీలూ పెన్నుతో రాసి ఉంటుంది.

ఈ రెండు పుస్తకాలూ ఎలా పుట్టాయో తెలిశాక నేను వాటిని చదివే తీరు మారింది. చార్లెస్ కౌమన్ అమెరికాలో టెలిగ్రాఫ్ ఉద్యోగి. 1901లో భార్య లెట్టీతో కలిసి మిషనరీగా జపాన్ వెళ్లాడు. గుండె జబ్బు వచ్చి తిరిగొచ్చేశాడు. ఆయన చివరి ఏళ్లంతా మంచం పక్కన కూర్చున్నది లెట్టీయే. ఆ రోజుల్లో తనని నిలబెట్టిన మాటల్ని, ఎవరెవరి ప్రసంగాల్లోంచో పద్యాల్లోంచో, ఏరి పెట్టుకుంది. భర్త 1924లో పోయాడు. మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. పేరు యెషయా గ్రంథం 35వ అధ్యాయం లోంచి తీసుకుంది. ఇక రెండో పుస్తకం. ఆస్వాల్డ్ ఛాంబర్స్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఈజిప్టులో సైనికుల మధ్య పనిచేస్తూ 1917లో చనిపోయాడు. ఆయన భార్య బిడ్డీ స్టెనోగ్రాఫర్. భర్త ప్రసంగాలన్నీ షార్ట్‌హ్యాండ్‌లో రాసిపెట్టుకుంది. ఆయన పోయాక ఆ నోట్సులోంచి రోజుకో ముక్క చొప్పున పుస్తకం కట్టింది. తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు, ముందుమాట కింద రెండు పొడి అక్షరాలు తప్ప.

అంటే స్థిరవిశ్వాసం గురించి లక్షలమంది చదివిన ఈ రెండు పుస్తకాల్నీ కూర్చినవాళ్లు ఇద్దరు విధవరాళ్లు. ఒకామె జబ్బుమంచం పక్క నుంచి, ఇంకొకామె సమాధి దాటి వచ్చి ఆ పని చేశారు. ‘ఎడారిలో సెలయేర్లు’లో కష్టం గురించి వచ్చే మాటలు, అవి ఎంత పాతబడిన అలంకారాలైనా సరే, ఇప్పటికీ పనిచేయడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఆవిడ ఆ మాటల్ని ముందు తనకి చెప్పుకుంది. అందులో కొన్ని భాగాలు జార్జ్ మాథెసన్‌వి. ఆయన యువకుడిగా ఉండగానే చూపు పోయిన స్కాట్లండ్ బోధకుడు. చీకటి గురించి ఆయన రాస్తే అది ఉపమానం కాదు.

ధ్యానం అనే రూపంలో రచనకి విలువ వచ్చేది ఇక్కడే అనుకుంటాను. వాక్యం ఎంత గొప్పదన్నదాని కంటే, ఆ వాక్యాన్ని ఎవరు, ఎక్కడ నిలబడి, ఎవరికి చెబుతున్నారన్నదే దాన్ని నిలబెడుతుంది, లేదా కూలుస్తుంది. మా ఉద్యోగాల్లో సర్వర్ లాగ్‌లు చదువుతుంటాం. ఒక లైను ఏ మెషీన్ నుంచి, ఏ టైముకి వచ్చిందో లేకపోతే ఆ లైను ఎంత స్పష్టంగా ఉన్నా పనికిరాదు. వాగ్దాన కార్డు అలాంటి లైను.

*

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలు. మొదటి రెండూ, చివరి అధ్యాయంలో పదకొండు వచనాలూ కథ. మధ్యలో ఉన్నదంతా దాదాపుగా కవిత్వం, వాదోపవాదం. మనవాళ్లు ప్రసంగాల్లో చెప్పే యోబు ఎక్కువగా మొదటి రెండు అధ్యాయాల యోబు: అన్నీ పోయినా నోరెత్తని మనిషి. చివరి అధ్యాయంలో అన్నీ రెట్టింపుగా తిరిగొచ్చిన మనిషి. మధ్యలో ముప్పై తొమ్మిది అధ్యాయాలు ఏమయ్యాయి?

ఆ మధ్యలో యోబు తాను పుట్టిన రోజుని శపిస్తాడు. దేవుణ్ణి కోర్టుకి రమ్మంటాడు. నన్ను ఉమ్మి మింగేంత సేపైనా వదిలిపెట్టవా అని అడుగుతాడు. స్నేహితులు ముగ్గురూ, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, ఆ మాటలకి బెదిరిపోతారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మొదట వచ్చినప్పుడు యోబుని గుర్తుపట్టలేక ఏడ్చి, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాట మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. పుస్తకం మొత్తంలో వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు విప్పాకే వ్యవహారం చెడింది.

వాళ్ల సిద్ధాంతం సింపుల్: దేవుడు న్యాయవంతుడు, మంచికి మంచి జరుగుతుంది, చెడుకి చెడు జరుగుతుంది, నీకు చెడు జరిగింది కాబట్టి నువ్వేదో చేశావు. ఇందులో మొదటి సగం ద్వితీయోపదేశకాండంలో, సామెతల గ్రంథంలో ఎక్కడ తెరిచినా కనిపించేదే. అందుకే వాళ్ల వాక్యాలు కార్డుల మీదికి ఇంత తేలిగ్గా ఎక్కుతాయి. నాలుగో అధ్యాయంలో ఎలీఫజు ఎంత మెత్తగా మొదలుపెడతాడో చూడండి: నువ్వు ఎంతమందికి ధైర్యం చెప్పావు, ఇప్పుడు నీ దాకా వస్తే నీరసపడితే ఎలా అంటాడు. అదే ఎలీఫజు 22వ అధ్యాయానికి వచ్చేసరికి, నువ్వు దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వలేదు, విధవరాళ్లని వట్టి చేతుల్తో పంపేశావు అని నేరాలు కల్పిస్తాడు. సాక్ష్యం ఒక్కటీ లేదు. సిద్ధాంతం నిలబడాలంటే యోబు దోషి అయితీరాలి, అంతే. ఓదార్చడానికి వచ్చినవాడు ప్రాసిక్యూటర్‌గా మారడం ఈ అధ్యాయాల్లో మెట్టు మెట్టుగా కనిపిస్తుంది. తర్వాత వాళ్ల దగ్గర సరుకు అయిపోతుంది. బిల్దదు చివరి ప్రసంగం ఆరంటే ఆరు వచనాలు. జోఫరు మూడో విడతలో అసలు మాట్లాడనే లేదు.

ఇప్పుడు ఎనిమిదో అధ్యాయంలో పిల్లల మాట మళ్లీ చదవాలి. మొదటి అధ్యాయంలో ఒక చిన్న వివరం ఉంది. పిల్లలు విందు చేసుకున్నప్పుడల్లా యోబు పొద్దున్నే లేచి, నా పిల్లలు మనసులో ఏమైనా పాపం చేశారేమో అని వాళ్ల తరఫున బలి అర్పించేవాడు. అతని భయం అదే. చివరికి పిల్లలు పోయింది కూడా అలాంటి ఒక విందులోనే, గాలికి ఇల్లు కూలి. బిల్దదు సరిగ్గా ఆ పుండు మీదే వేలు పెట్టాడు. అలా వేలు పెట్టిన మనిషే వెంటనే, నువ్వు పవిత్రుడివైతే నీ చివరి దశ బాగుంటుంది అన్నాడు. ఏడో వచనం మీద వేలాడుతున్న షరతు అది. కార్డులో షరతు పోయింది, పిల్లలు పోయారు, బిల్దదు పోయాడు. మిగిలింది అభివృద్ధి ఒక్కటే.

దీనికి ఎదురు వాదన ఉంది. బైబిల్ అంతా దైవప్రేరితమైనప్పుడు ఎవరన్నారన్నది ఎందుకు అని కొందరంటారు. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఎలీఫజు మాటనే లేఖనంగా వాడాడు కూడా. ఇంకో ఇబ్బంది ఏంటంటే, బిల్దదు చెప్పింది అక్షరాలా జరిగింది. 42వ అధ్యాయంలో యోబు చివరి దశ మొదటి దశ కంటే బాగుందని కథకుడు చెప్పేటప్పుడు హీబ్రూలో వాడిన మాటలు, ‘రేషిత్’, ‘అహరిత్’, బిల్దదు వాడినవే. రాసిన కవికి ఇది తెలియకుండా జరిగిందని నేననుకోను.

ఈ వాదనలకి బలం ఉంది. వాక్యం అబద్ధం అని నేనూ అనను. కానీ ఆ మాట నిజమైంది ఎప్పుడు? దేవుడు బిల్దదుని గద్దించాక. బిల్దదు స్వయంగా ఏడు ఎద్దుల్నీ ఏడు పొట్టేళ్లనీ తీసుకుని యోబు దగ్గరికి వెళ్లి, యోబు అతని కోసం ప్రార్థన చేశాక. తాను పాపిగా తేల్చిన మనిషి ప్రార్థనే తనకి దిక్కయ్యాక. మాట నెరవేరింది, దాన్ని చెప్పినవాడు లెక్కగట్టిన దారిలో మాత్రం కాదు. ఈ వ్యంగ్యమంతా మొత్తం పుస్తకం చదివినవాడికే దొరుకుతుంది.

*

మూడేళ్ల కింద మా పెద్దమ్మ కొడుకు బైకు ప్రమాదంలో పోయాడు. నా కంటే రెండేళ్లు పెద్ద. మూడో రోజు ఇంట్లో ప్రార్థన పెట్టారు. వచ్చిన ఒక పెద్దాయన మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, ఇచ్చినవాడే తీసుకున్నాడమ్మా, ఆయన నామానికే స్తోత్రం అన్నాడు. యోబు మొదటి అధ్యాయంలోని మాటే, చావు ఇళ్లలో ఎప్పుడూ వినేదే. మా పెద్దమ్మ పెద్దగా చదువుకోలేదు, కానీ బైబిల్ ఆవిడకి కంఠతా వచ్చు. తలెత్తి, “అయ్యగారూ, ఆ మాట యోబు తనకి తాను చెప్పుకున్నాడండీ. ఎవరూ వచ్చి ఆయనకి చెప్పలేదు” అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. పక్కన చాప మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

యోబు గ్రంథం మీద నేను విన్న వ్యాఖ్యానాల్లో అంత సూటి అయినది ఇంకొకటి లేదు. ఒకే వాక్యం బాధపడేవాడి నోట్లో విశ్వాసం, బాధపడని వాడి నోట్లో ఆజ్ఞ. సి.ఎస్. లూయిస్ బాధ గురించి రెండు పుస్తకాలు రాశాడు. 1940 నాటిది తర్కబద్ధమైన వివరణ. 1961లో, భార్య పోయిన ఏడాదికి, వేరే పేరు పెట్టుకుని అచ్చువేసింది ఏ వివరణా పనిచేయని మనిషి రాసుకున్న నోటుబుక్కు. మొదటిది తప్పని చెప్పలేం. కానీ చావు ఇంటికి ఏ పుస్తకం పట్టుకెళ్లాలో మనకి తెలుసు.

*

స్థిరవిశ్వాసం అనగానే బోధకులు ఎత్తుకునే ఇంకో వాక్యం యోబు 13వ అధ్యాయం 15వ వచనం. ఆయన నన్ను చంపినా సరే ఆయన మీదే ఆశ పెట్టుకుంటాను అన్న భావం. హీబ్రూలో ఇక్కడ ఒక్క అక్షరం తగాదా ఉంది. ‘లో’ అనే చిన్న మాటని ‘అలెఫ్’ అక్షరంతో రాస్తే ‘లేదు’ అని, ‘వావ్’ అక్షరంతో రాస్తే ‘ఆయనకి’, ‘ఆయన కోసం’ అని అర్థం. పలికితే రెండూ ఒకటే. మూలపాఠంలో ‘లేదు’ ఉంది, లేఖకులు మార్జిన్‌లో ‘ఆయనకి’ అని చదవమన్నారు. అంటే ఒక పాఠంలో యోబుకి ఆశ ఉంది, ఇంకో పాఠంలో లేదు. మన తెలుగు బైబిల్ ఆశ ఉన్న వైపే తీసుకుంది. రెండిట్లో ఏది సరైనదో తేల్చే చదువు నాకు లేదు. కానీ వచనం రెండో సగంలో ఏ తగాదా లేదు: నా ప్రవర్తన సరైనదేనని ఆయన ముఖం మీదే వాదిస్తాను అంటాడు యోబు. ప్రసంగాల్లో, కార్డుల్లో ఈ సగం మాయమవుతుంది. ఆశ మిగుల్చుకుని వాదం కోసేశారు. యోబులో ఆ రెండూ ఒకే ఊపిరిలో ఉన్నాయి.

కొత్త నిబంధనలో యాకోబు పత్రిక ఐదో అధ్యాయం యోబు సహనాన్ని గుర్తుచేస్తుంది. ‘యోబు సహనం’ అన్న నానుడి ప్రపంచమంతా పాకింది అక్కణ్ణుంచే. అయితే ఆ అధ్యాయంలో యాకోబు రెండు వేర్వేరు గ్రీకు మాటలు వాడాడు. ప్రవక్తల ఓర్పు గురించి చెప్పేటప్పుడు ‘మక్రొథూమియా’, అంటే తొందరగా కోపం తెచ్చుకోకపోవడం. యోబు దగ్గరికి వచ్చేసరికి ‘హుపొమొనే’, అంటే భారం కింద ఉండి కూడా చోటు వదలకపోవడం. మొదటి అర్థంలో యోబు ఓర్పుమంతుడేం కాదు, ఎంత కోపమో! రెండో అర్థంలో అతని అంత గట్టివాడు లేడు. నోరు మూసుకుని ఉండటానికీ చోటు వదలకుండా ఉండటానికీ మధ్య తేడాని ‘సహనం’ అనే ఒక్క తెలుగు మాట మింగేసింది. ‘నిలకడ’ అని ఉంటే ఎలా ఉండేదో!

తెలుగువాళ్లకి ఈ తేడా కొత్తదేం కాదు. మనకి హరిశ్చంద్రుడున్నాడు. ఆయన కథ కూడా పైవాళ్ల పందెంతోనే మొదలవుతుంది. రాజ్యం పోయి, భార్యని అమ్ముకుని, కాటికాపరిగా నిలబడ్డా మాట తప్పలేదు. కాటిసీనులో జాషువా పద్యాలు వింటూ పెరిగిన జాతి మనది. కానీ హరిశ్చంద్రుడు దేవుడితో తగాదా పెట్టుకోడు. యోబుకి దగ్గరైనవాడు మనకి రామదాసు. గోల్కొండ జైల్లోంచి, నీకు నగలు చేయించిన డబ్బు ఎవడబ్బ సొమ్మనుకున్నావు అన్నంత తెగింపుతో రాముణ్ణి నిలదీశాడు. అది వేళాకోళానికి చేసిన నిందాస్తుతి కాదు, దెబ్బలు తింటున్నవాడి మాట. అయినా ప్రతి నిందా ‘రామా’ అని పిలిచే చెప్పాడు. కోపం వచ్చినా పిలుపు ఆగలేదు. నిలకడ అంటే అదే అనుకుంటాను.

యోబు గ్రంథం కూడా ఇదే అంటున్నట్టుంది. స్నేహితులు ముగ్గురూ దేవుడి గురించి బోలెడు మాట్లాడతారు. దేవుడితో ఒక్క మాట మాట్లాడరు. యోబు ఒక్కడే మాటిమాటికీ వాళ్ల వైపు నుంచి తిరిగి దేవుణ్ణి ‘నువ్వు’ అంటాడు. 42వ అధ్యాయంలో, మీరు నా సేవకుడైన యోబులా నా గురించి సరిగా మాట్లాడలేదు అని దేవుడు అన్నచోట హీబ్రూ మాట ‘ఎలాయ్’. దానికి మామూలు అర్థం ‘నాతో, నా వైపు’. అనువాదాలు సాధారణంగా ‘నా గురించి’ అంటాయి, సందర్భాన్ని బట్టి అదీ కుదురుతుంది. ‘నాతో’ అని చదివితే మాత్రం మొత్తం పుస్తకం ఒక్కసారిగా వెలుగులోకి వస్తుంది.

తెలుగు ధ్యానాల్లో నాకు కనిపించని వెలితి ఇదే. రామదాసుని కన్న భాషలో, ప్రశ్నించే క్రైస్తవ ధ్యానం ఇంత అరుదుగా ఎందుకుంది? చదివిన ప్రతి ధ్యానంలోనూ పేజీ చివరికల్లా సందేహం తీరిపోవాలి. ఒక్క పేజీ, ఒక్క రోజు, రేపటికి ఇంకో వాక్యం. ఈ రూపానికి ఉన్న తొందర అది. యోబుకి ముప్పై తొమ్మిది అధ్యాయాలు పట్టింది.

*

వాక్యాన్ని ముక్క కోయడం గురించి సువార్తల్లోనే ఒక విమర్శ ఉంది, దాన్ని మనం విమర్శగా చదవం, అంతే. మత్తయి నాలుగో అధ్యాయంలో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమంటాడు. దూకమనడానికి ఆధారంగా 91వ కీర్తన వినిపిస్తాడు: దేవదూతలు నీ పాదానికి రాయి తగలకుండా ఎత్తిపట్టుకుంటారని. తెలుగు క్రైస్తవ ఇళ్లలో ప్రయాణానికి ముందు చదువుకునే కీర్తన అది. అంటే సువార్తలో వాగ్దాన కార్డు మొదట తీసినవాడు సాతాను. వాక్యం సరైనదే, అధ్యాయం సరైనదే. పైగా పామునీ సింహాన్నీ తొక్కుతావు అనే తర్వాతి వచనం దాకా వెళ్లకుండా ముందే ఆపేశాడు. యేసు ఆ వాగ్దానాన్ని కాదనడు. దేవుణ్ణి పరీక్షించొద్దనే ఇంకో లేఖనం పక్కన పెడతాడు. వాక్యాన్ని వాక్యంతో కలిపి చదవడం అంటే ఇది.

అదే యేసు సిలువ మీద 22వ కీర్తన మొదటి మాట ఎత్తుకుంటాడు, నన్ను ఎందుకు విడిచిపెట్టావని. మార్కు ఆ మాటని గ్రీకులోకి మార్చి ఊరుకోలేదు, ఆయన పలికిన అరమేయిక్ శబ్దాన్ని అలాగే ఉంచాడు. ఏ కొత్త సంవత్సరం కార్డు మీదా ఆ మాట చూడలేదు. అయినా సువార్త మొత్తంలో స్థిరవిశ్వాసానికి అంతకంటే గట్టి రుజువు నాకు కనిపించదు. అక్కడా ప్రశ్న దేవుడి గురించి కాదు, దేవుడితోనే. విడిచిపెట్టావు అంటున్నప్పుడు కూడా ‘నా దేవా’ అనే పిలిచాడు.

యోబు ముగింపు చాలామందిని నిరాశపరుస్తుంది. సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు, కానీ జవాబు చెప్పడు. నక్షత్రాలు చూపిస్తాడు, అడవిగాడిదని చూపిస్తాడు, మన తెలుగు అనువాదంలో నీటిగుర్రంగా, మకరంగా వచ్చిన రెండు మహా జంతువుల్ని చూపిస్తాడు. మొదటి అధ్యాయంలో జరిగిన పందెం సంగతి యోబుకి ఎప్పటికీ తెలియదు, చదివే మనకే తెలుసు. తర్వాత ఆస్తి రెట్టింపవుతుంది. ఏడు వేల గొర్రెలకి పద్నాలుగు వేలు, మూడు వేల ఒంటెలకి ఆరు వేలు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోతుంది. మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, అంతే. ఇరవై మంది కారు. పోయినవాళ్లు తిరిగి రారు కాబట్టి రెట్టింపు చేయలేదా, లేక పోయిన పది మందీ ఇంకా లెక్కలోనే ఉన్నారా? వ్యాఖ్యాతలు రెండు రకాలుగానూ చెప్పారు. కథకుడు మాత్రం ఏమీ చెప్పకుండా, కొత్తగా పుట్టిన ఆడపిల్లల పేర్లు చెబుతాడు: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. వాళ్లకి అన్నదమ్ములతో పాటు ఆస్తిలో వాటా ఇచ్చాడంటాడు. అంత నష్టం చూసిన తండ్రి ఆచారాన్ని పక్కనపెట్టి ఆడపిల్లలకి పంచి ఇవ్వడం నాకు రెట్టింపు ఒంటెల కంటే పెద్ద ఆశీర్వాదంగా కనిపిస్తుంది. ఈ వచనాన్ని కార్డు మీద వేసేవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండు.

ధ్యాన పుస్తకాలు పోవాలని నేను అనడం లేదు. పొద్దున్నే ఆఫీసు బస్సులో ఒక్క పేజీ చదివి ఆ రోజుకి నిలబడే మనుషులు నాకు తెలుసు, వాళ్లకి ఆ పేజీ ఎంత అవసరమో కూడా తెలుసు. రాసేవాళ్లని మాత్రం రెండు అడగాలనుంది. వాక్యం కింద నంబరుతో పాటు, అన్నది ఎవరో, ఎవరితో అన్నారో ఒక్క లైను వేయండి. అప్పుడప్పుడు ఒక పేజీని జవాబు లేకుండా ముగించనివ్వండి, ఏడాదికి మూడు వందల అరవై ఆరు పేజీలున్నాయి కదా. చదివేవాళ్లకి ఒక్కటే: ఈసారి కార్డు మీద యోబు 8:7 వస్తే దాన్ని పారేయొద్దు. ఆ రాత్రికి మూడో అధ్యాయం నుంచి ఎనిమిదో అధ్యాయం దాకా చదవండి. అరగంట కూడా పట్టదు. ఆ తర్వాత అది మీకు వాగ్దానంలా వినిపిస్తే ఉంచుకోండి. దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసే ముందు మాత్రం, అవతలివాళ్లు ఎక్కడ కూర్చుని ఉన్నారో చూడండి. బూడిదలో కూర్చుని ఉంటే, స్నేహితులు మొదటి ఏడు రోజులూ చేసిన పనే చాలు.